డోలు గడప దాటితే

మా దగ్గర చదువుకున్న ఒక కోయ పిల్లవాడు మొన్న వేసవిలో గురువయ్యాడు. బడి గురువు కాదు, చర్చి గురువు. కతోలికుల తెలుగులో ఫాదర్‌ను గురువు అనే అంటారు. ఆయన్ను గురువుగా నిలబెట్టే వేడుకను గురుపట్టాభిషేకం అంటారు. పిల్లవాడి తండ్రి స్వయంగా బడికి వచ్చి పత్రిక చేతిలో పెట్టి, "మీరు ఓనమాలు దిద్దించారు, మీరు రాకపోతే ఎట్లా సారూ" అన్నాడు. నలుగురు ఉపాధ్యాయులం కలిసి వెళ్లాం. మాలో ముగ్గురం వేల్పులను కొలిచేవాళ్లం, ఒకరు ఆదివారం చర్చికి వెళ్లేవారు. తిరుగు ప్రయాణంలో జీపులో మొదలైన మాట చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు. ఆ మాటే ఇక్కడ రాస్తున్నాం.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఎవరి నమ్మకం మంచిది, ఎవరిది చెడ్డది అని తేల్చడానికి మేం కూర్చోలేదు. ఒక కథను, ఒక పాటను చదివి ఇందులో మనం ఎక్కడున్నాం అని అడిగినట్టే, ఒక వేడుకను కూడా చదవవచ్చు. ఎవరు ముందు నడిచారు, ఎవరు ఏ భాషలో మాట్లాడారు, ఎవరి వాయిద్యం ఎక్కడ మోగి ఎక్కడ ఆగింది అన్నవి చూడవచ్చు. మేం చేసింది అదే.

పందిరి వాకిలి

పొద్దున్నే ఊరి మొదట్లో మేత్రాణుల కారు ఆగింది. అక్కడి నుంచి కొమ్ము డోళ్లు అందుకున్నాయి. తలకు కొమ్ములు కట్టుకున్న మగవాళ్లు ముందు, చేతులు పట్టుకుని అడుగులేసే ఆడవాళ్లు వెనుక, వాళ్ల వెనుక తెల్ల అంగీల ఫాదర్లు, సిస్టర్లు, చివర మేత్రాణులు. ఊరంతా వాకిళ్లలో నిలబడి చూసింది. మాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

పందిరి వాకిలి దగ్గర ఒక కార్యకర్త చెయ్యి పైకెత్తాడు. డోళ్లు ఆగిపోయాయి. లోపల కీబోర్డు మొదలైంది. కొమ్ముల వాళ్లు కొమ్ములు విప్పి చింత చెట్టు కింద పెట్టారు. కొందరు లోపలికి వచ్చి వెనక కూర్చున్నారు. ఎక్కువ మంది బయటే ఉండిపోయి, భోజనాల వేళకు మళ్లీ కనబడ్డారు.

లోపల మూడు గంటల వేడుక. దాన్ని తక్కువ చేసి చెప్పలేం. గురువు కాబోయే యువకుడు నేల మీద బోర్లా పడుకుంటాడు. జనమంతా పునీతుల పేర్లు ఒక్కొక్కటిగా పలుకుతూ అతని కోసం వేడుకుంటారు. తర్వాత మేత్రాణులు మాట లేకుండా అతని తల మీద రెండు చేతులు ఉంచుతారు. ఆ వెంట వచ్చిన గురువులందరూ వరసగా వచ్చి అలాగే చేతులు ఉంచుతారు. అంత జనంలో ఆ కాసేపు దగ్గు కూడా వినిపించలేదు. ఆ తర్వాత అభిషేక ప్రార్థన, పూజ వస్త్రాలు తొడగడం, అరచేతులకు పరిశుద్ధ తైలం పూయడం, రొట్టె, ద్రాక్షరసం ఉన్న పాత్రలు చేతికివ్వడం. పెద్దల చేతి నుంచి చిన్నవాడి తలకు ఒక బాధ్యత దిగడం మనకు కొత్త కాదు. మన పెర్మ కూడా ఆ పని తన ముందువాళ్ల దగ్గర నుంచే అందుకుంటాడు. ఆ మౌనంలో మాకు పరాయితనం తోచలేదు.

పరాయితనం తోచింది మాటల దగ్గర. ప్రార్థనలన్నీ తెలుగే. కానీ ఏ తెలుగు? సంస్కృతం నిండిన పుస్తకాల తెలుగు. పిల్లవాడి తల్లి మా ముందు వరసలో కూర్చుంది. మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి, "ఏమంటున్నారు సారూ" అని కోయలో అడిగింది. మాకు తెలిసినంత చెప్పాం. కొడుకు చేతులకు పూసిన తైలం తుడిచిన తెల్లగుడ్డను మడిచి ఆమె చేతిలో పెట్టారు. తల్లి చనిపోయినప్పుడు ఆ గుడ్డను ఆమెతోపాటు సమాధిలో ఉంచడం కతోలికుల్లో పాత ఆచారం. ఆ సంగతి కూడా ఆమెకు పక్కనున్న సిస్టర్ తెలుగులోనే చెప్పింది. ఆమె గుడ్డను కళ్లకు అద్దుకుంది. ఎంత అర్థమైందో అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

కోయ మాట ఆ పందిట్లో మొదటిసారి ఎప్పుడు వినబడిందంటే, అంతా అయ్యాక. కొత్త ఫాదర్ కృతజ్ఞతలు చెబుతూ చివర రెండు వాక్యాలు కోయలో అన్నాడు. వెనక కూర్చున్న వాళ్లంతా ఒక్కసారి తలెత్తారు. చింత చెట్టు కింద నుంచి ఎవరో ఈల వేశారు. మూడు గంటల్లో జనం నిజంగా కదిలింది అప్పుడే.

పట్టాభిషేకం అనే మాట

మాటలు పిల్లలకు నేర్పేవాళ్లం కాబట్టి మాట దగ్గర ఆగాం. పట్టాభిషేకం రాజులది. భద్రాచలం చుట్టుపక్కల వాళ్లకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది శ్రీరామనవమి కల్యాణం, మరునాటి మహాపట్టాభిషేకం. లాటిన్‌లో ఈ వేడుకకున్న పేరు ఆర్డినేషియో. ఒక వరసలో చేర్చడం అని దాని అర్థం. వరసలో చేరడం వేరు, కిరీటం పెట్టడం వేరు. తెలుగులోకి తెచ్చిన పెద్దలకు ఎదురుగా కనబడిన గొప్ప వేడుక కోవెలలోది, కోటలోది. అందుకే ఆ మాట ఎంచుకున్నారు.

మన పెర్మకు పట్టాభిషేకం లేదు. పండుం నాడు విత్తనానికి మొక్కు చెల్లించి మరునాడు అందరితోపాటు నాగలి పడతాడు. అతని పెళ్లాం పిల్లలు అందరిలాంటి వాళ్లే. ఆ ఊళ్లో కొత్త ఫాదర్ దిగగానే, ఓనమాలు దిద్దించిన మేమే అతన్ని "ఏరా" అనాలో "ఫాదర్ గారూ" అనాలో తెలియక నీళ్లు నమిలాం. అతను వంగి మా కాళ్లు ముట్టుకున్నాడు. వెంటనే మా వెనకున్న ఊరి పెద్దావిడ అతని అరచేతులు ముద్దు పెట్టుకుంది. సేవకుడిగా నిలబెట్టామని ప్రార్థనలో చెప్పిన మాటకూ, రాజును చేశామని చెప్పే పత్రిక మీది మాటకూ మధ్య అతను నిలబడి ఉన్నాడు. ఈ పేచీ చర్చి లోపలి వాళ్లు తేల్చుకోవలసిందే. కానీ ఆ మాట మన బిడ్డను మన నుంచి ఎంత ఎత్తున కూర్చోబెడుతుందో చెప్పే హక్కు మనకుంది.

పెళ్లి లేని బతుకు గురించి కూడా ఊళ్లో మాట వచ్చింది. ఒక గట్టు మనిషి పెళ్లి చేసుకోకపోతే ఆ ఇంటి వేల్పు పని ఎవరు చూస్తారని ఒక ముసలాయన అడిగాడు. తండ్రి, "పెద్దోడు ఉన్నాడు గదా, వాడు చూస్తాడు" అన్నాడు. ఒకే ఇంట్లో ఒక కొడుకు వేల్పు పని, ఇంకొక కొడుకు చర్చి పని. ఆ ఇల్లు రెండింటినీ మోస్తోంది. బయటి నుంచి వచ్చి ఇల్లు చీలిపోయిందని రాసేవాళ్లు ఈ తండ్రి మాట ఒకసారి వినాలి.

ఛోటానాగ్‌పుర్ చెప్పే పాఠం

మనకంటే ముందే ఈ దారి నడిచిన ఆదివాసులు ఉన్నారు. జార్ఖండ్‌లోని ఉరావ్, ముండా, ఖడియా జనం. వాళ్ల కథ మన యువకులకు తెలియాలి.

బెల్జియం నుంచి వచ్చిన జెసూట్ గురువు కాన్‌స్టాంట్ లీవెన్స్ 1885లో తోర్పా చేరాడు. అప్పుడు అక్కడి జనం జమీందార్ల చేతుల్లో భూములు పోగొట్టుకుంటున్నారు, వెట్టి చేస్తున్నారు. లీవెన్స్ వాళ్ల భూమి కేసుల్లో తోడు నిలిచాడు. వేల మంది చర్చిలో చేరారు. 1893లో జబ్బుతో స్వదేశంలో చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన హాఫ్‌మన్ అనే గురువు ముండారీ విజ్ఞాన సర్వస్వం రాయడానికి పూనుకున్నాడు, 1909లో సహకార పరపతి సంఘం పెట్టాడు. 1908 నాటి ఛోటానాగ్‌పుర్ కౌలు చట్టం వెనుక బిర్సా ముండా పోరాటం ఉంది, హాఫ్‌మన్ రాతలూ ఉన్నాయి. మనకు 1/70 చట్టం ఎంతో, వాళ్లకు ఆ చట్టం అంత. కాబట్టి జనం డబ్బుకు మతం మారారు అన్న మాట అక్కడి చరిత్రను సగం కూడా చెప్పదు. వాళ్లు భూమి వెతుక్కుంటూ వెళ్లారు.

మఠ జీవితం కూడా అక్కడ వేరే రూపం తీసుకుంది. 1897లో రాంచీలో బెర్నదెత్ కిస్పొట్టా అనే ఉరావ్ అమ్మాయి, మరో ముగ్గురు ఆదివాసీ అమ్మాయిలు పెళ్లి వద్దని నిలబడి ఒక మఠాన్ని మొదలుపెట్టారు. అదే పునీత అన్నమ్మ కుమార్తెల సభ. తెల్లదొరసానుల మఠంలో ఒక మూల చోటు దొరకడం కాదు అది, ఆదివాసీ ఆడపిల్లలు తమదే ఒక మఠం కట్టుకోవడం. పెళ్లి చేసుకోని ఆడపిల్లకు ఊళ్లో ఏం చోటు ఉంటుందో మనకు తెలుసు. ఆ నలుగురి తెగువను ఆ లెక్కన చూడాలి. మఠవాసులు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటపట్టులు తీసుకుంటారు. అందులో పేదరికం మనకు పుట్టుకతోనే వచ్చింది, పంచుకు తినడం కూడా మన ఊళ్లకు కొత్త కాదు. విధేయత దగ్గరే ప్రశ్న ఉంది. ఎవరికి విధేయత, ఏ భాషలో విధేయత?

అదే మిషన్ తొలి రోజుల్లో కొత్తగా చేరినవాళ్లను అఖ్‌డాకు పోవద్దంది. అఖ్‌డా అంటే ఊరి ఆటపాటల చోటు. యువకులు పాటలు, పనులు నేర్చుకునే ధుమ్‌కుడియాను చెడ్డ అలవాట్ల గూడుగా చూసింది. మాందర్ మూగబోయింది. తర్వాత కాలం మారింది. 1962 నుంచి 1965 దాకా రోములో జరిగిన రెండో వాటికన్ మహాసభ పూజను జనం భాషల్లో చేసుకోమంది. మాందర్ పూజలోకి వచ్చింది. కురుఖ్, ముండారీ, సాద్రీ పాటలు వచ్చాయి. వచ్చిన అతిథి చేతులు కడిగే మర్యాద వచ్చింది. కొత్త ధాన్యాన్ని గుడిలో దీవించుకునే పండుగ వచ్చింది. గుమ్లా ప్రాంతపు ఉరావ్ రైతు ఇంట్లో పుట్టిన తెలెస్ఫోర్ తొప్పో 1969లో గురువై, 2003లో కార్డినల్ అయ్యారు. ఆసియా ఆదివాసుల్లో ఆ పదవి దక్కిన మొదటివారు ఆయనే. 2023లో కన్నుమూశారు.

అంటే అక్కడ డోలు గడప దాటింది. దాటితే సమస్య తీరిపోయిందా? లేదు. 2013లో రాంచీ దగ్గర సింగ్‌పుర్‌లో ఒక మరియమాత విగ్రహం పెట్టారు. ఎర్ర అంచు తెల్లచీర, బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకున్న ఆదివాసీ తల్లి రూపం. కార్డినల్ తొప్పోయే దాన్ని ఆవిష్కరించారు. సర్నా ధర్మం పాటించే ఆదివాసులు అభ్యంతరం చెప్పారు, వీధుల్లోకి వచ్చారు. ఆ చీర మా పూజల్లో మా ఆడవాళ్లు కట్టేది, నూరేళ్లు పోతే మా పిల్లలు ఈ తల్లి మొదటి నుంచీ మా దేవతే అనుకుంటారు అన్నది వాళ్ల మాట. ఆ చీర క్రైస్తవ ఆదివాసులది కూడా, ఏ దేశంలోనైనా మరియమాతను ఆ దేశపు తల్లిగానే చూపిస్తారు అన్నది చర్చివాళ్ల మాట.

ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది. చీర ఉరావ్ క్రైస్తవురాలి అమ్మమ్మది కూడా. మతం మారినంత మాత్రాన అమ్మమ్మ చీర పరాయిది కాదు. కానీ మా లెక్కలో ఇంకో ప్రశ్న ముందుంది. ఆ విగ్రహం చేయించే ముందు ఊళ్లోని సర్నా పెద్దలతో కలిసి కూర్చున్నారా? గుర్తు ఇద్దరిదీ అయినప్పుడు దాన్ని కదిపే ముందు ఇద్దరూ కూర్చోవాలి. ఆదివాసీ పద్ధతి అదే. చీరను తీసుకుని కూర్చునే పద్ధతిని వదిలేస్తే, పైగుడ్డ మనది, తీర్పు వేరేవాళ్లది అవుతుంది.

ఆ గొడవను వాడుకునేవాళ్లూ వచ్చారు. క్రైస్తవులైన ఆదివాసులను షెడ్యూల్డు తెగల జాబితా నుంచి తీసేయాలన్న మాట 1960ల చివర్లోనే కార్తీక్ ఉరావ్ ఎత్తారు. ఇప్పుడు ఆ మాట మన ఏజెన్సీలోనూ వినబడుతోంది. యువకులు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. తెగ అనేది గుడితో రాదు, పుట్టుకతో వస్తుంది. వేల్పును కొలిచేవాడూ, చర్చికి వెళ్లేవాడూ కొట్టుకుంటే 1/70 భూమి మీద కన్నేసిన మూడోవాడికి పండుగ.

ఎవరి భారతీయత?

మన పందిట్లో పళ్లెంలో పూలు, దీపాలతో హారతి ఇచ్చారు. చాలా మందికి అది మన పద్ధతే కదా అనిపించింది. 1969లో భారత కతోలిక మేత్రాణుల వినతి మీద రోము పన్నెండు మార్పులకు ఒప్పుకుంది. నేల మీద కూర్చోవడం, చెప్పులు విప్పడం, మోకాలు వంచే చోట అంజలి పట్టడం, నూనె దీపాలు, హారతి, శాలువా వంటివి. పూజను ఈ నేలకు దగ్గర చేయాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఈ నేల అంటే ఎవరి నేల? ఆ జాబితాలో ఎక్కువ భాగం కోవెల పద్ధతే. ఈ భారతీయత అగ్రకులాల భారతీయత అని దళిత క్రైస్తవ ఆలోచనాపరులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆదివాసులుగా మనమూ అడగాలి. లాటిన్ పోయి తెలుగు వచ్చింది, మైనపు వత్తి పక్కన నూనె దీపం వచ్చింది. కోయ ఎక్కడ? కువి ఎక్కడ? ఇప్పపువ్వు ఎక్కడ?

మేడారంతో పోల్చి చూడండి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది వస్తారు. చుట్టూ అంగళ్లు, మైకులు, బెల్లం దిమ్మెలు, రాజకీయ నాయకులు. ఆ చుట్టూ ఉన్నది మనది కాకుండా పోయిందని బాధపడతాం. కానీ చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే పని కోయ పూజారిదే. అక్కడ నడిబొడ్డు మనది, అంచులు పరాయివి. మేం చూసిన పట్టాభిషేకంలో అంచులు మనవి, నడిబొడ్డు మనది కాదు. మన కొమ్ము స్వాగతానికి పనికొచ్చింది, ప్రార్థనకు పనికిరాలేదు. ఒక జాతి కళ స్వాగతానికి మాత్రమే పనికొస్తే ఆ జాతి తన ఊళ్లోనే అతిథి అవుతుంది.

మా బడి సంగతి

ఇంత రాశాక మా వైపు చూసుకోక తప్పదు. మా బడి వార్షికోత్సవానికి అధికారి వస్తే ఏం చేస్తాం? గేటు దగ్గర కొమ్ము నృత్యం పెడతాం. ఆయన దండ వేయించుకుని లోపలికి రాగానే డోలు ఆగుతుంది. వేదిక మీద అంతా తెలుగు, ఈ మధ్య ఇంగ్లీషు. చెయ్యెత్తి డోలు ఆపే కార్యకర్తలం మేమే. ఆ పందిట్లో మాకు కోపం తెప్పించిన పనిని మేం ఇరవై ఏళ్లుగా చేస్తున్నాం.

ఇంకో సంగతి రాయడానికి కష్టంగా ఉంది. ఆ పిల్లవాడు మూడో తరగతిలో కోయలో జవాబు చెబితే మాలో ఒకరు గోడకుర్చీ వేయించారు. తెలుగు రావాలని చేశామనుకున్నాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలైనప్పుడు కోయ వాచకం మా చేతికి వచ్చింది. దాన్ని బీరువాలో దాచి, అధికారి వచ్చిన రోజు బయటికి తీశాం. తన వేడుకలో ఆ పిల్లవాడు కోయను చివరి రెండు వాక్యాలకు దాచుకున్నాడంటే, ఆ దాచుకోవడం సెమినరీ ఒక్కటే నేర్పలేదు. ముందు మేం నేర్పాం.

అందుకే మా సూచనలు చర్చికీ బడికీ కలిపే. ఊరి వేడుక ఏ మతానిదైనా, అందులో మన భాష నడిబొడ్డుకు రావాలి, స్వాగతంతో ఆగకూడదు. ఉమ్మడి గుర్తులు వాడేముందు వేల్పు పెద్దలు, చర్చి పెద్దలు ఒకే చెట్టు కింద కూర్చోవాలి. బడిలో ఉదయం ప్రార్థన వారానికి ఒక్క రోజైనా పిల్లల ఇంటి భాషలో జరగాలి. గురువు కావాలనుకునే ఆదివాసీ యువకులు, సిస్టర్లు కావాలనుకునే అమ్మాయిలు, చదువుకు వెళ్లే ముందు ఊరి పాటలు రాసుకుని వెళ్లండి. మీ దారి మీది. పాట మాత్రం ఊరిది.

వేడుక అయిన నెలకు ఆ కొత్త ఫాదర్ మాకు ఫోన్ చేశాడు. కోయలో ఒక ప్రార్థన రాయాలనుకుంటున్నాడు. "కృప అనే మాటకు మనలో ఏమంటారు సార్" అని అడిగాడు. నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాకు తట్టలేదు. మరునాడు బడి వదిలాక అతని తల్లి దగ్గరికి వెళ్లి అడిగాం. ఆమె వెంటనే చెప్పలేదు. ఎవరు ఎవరికి ఏం చేసినప్పుడు చెప్పే మాట అది అని మమ్మల్నే అడిగింది. ఆకలితో వచ్చినవాడికి అడగకుండా పెట్టినప్పుడు ఒక మాట ఉందట, తప్పు చేసినవాణ్ని కులంలోకి మళ్లీ కలుపుకున్నప్పుడు వేరే మాట ఉందట. పొద్దుగూకే దాకా కూర్చుని రాసుకున్నాం. నోటు పుస్తకంలో రెండు పేజీలు నిండాయి. ఆ పేజీలు కొడుకుకు పంపాం, బీరువాలోని వాచకం పక్కన ఒక నకలు పెట్టాం. బీరువాకు ఇప్పుడు తాళం వేయడం లేదు.